వెనక్కి మళ్లిన చేప

జోర్డాన్‌ దేశంలోని మాదబా పట్టణంలో సెయింట్‌ జార్జ్‌ చర్చిలో అడుగుపెడితే, కాళ్ల దగ్గరే ఒక పటం కనిపిస్తుంది. బైబిల్లోని మేదెబా ఈ ఊరే. ఆరో శతాబ్దంలో రంగురాళ్ల ముక్కలతో నేలమీద పేర్చిన పరిశుద్ధ దేశపు పటమది. ఊళ్ల పేర్లు గ్రీకులో ఉన్నాయి, తూర్పు దిక్కు పైకి ఉంది. నడుమ ప్రాకారాలు, గుమ్మాలు, స్తంభాల వీధితో యెరూషలేము! 1970లలో యెరూషలేములో జరిగిన తవ్వకాల్లో ఆ వీధి ఆనవాళ్లు బయటపడి, పటం చెప్పింది నిజమేనని తేలింది.

అయితే చూసేవారిని నిలబెట్టేసేది ఒక చిన్న చేప. యొర్దాను నదిలో మృతసముద్రం దాకా వెళ్లి, ఆ ఉప్పునీళ్లలో బతకలేనని తెలుసుకున్నట్టుగా అది వెనక్కి మళ్లి ఎదురీదుతోంది. ప్రవాహంతోపాటు పోవడం సులువే, కాని అది చేర్చేది మరణానికే! మన అలవాట్లు, మనం పెంచుకున్న పగలు మనల్ని ఎటు తీసుకుపోతున్నాయి? మారుమనస్సంటే కన్నీళ్లు కార్చడం మాత్రమే కాదు, దిశ మార్చుకోవడం.

యెహెజ్కేలు 47వ అధ్యాయంలోని దర్శనం మరో అడుగు ముందుకేస్తుంది. మందిరం నుండి పారే నీళ్లు ఆ సముద్రాన్నే బాగుచేస్తాయి, అక్కడ చేపలు విస్తరిస్తాయి. ఎదురీదే శక్తి లేనివారిని సైతం వెదుక్కుంటూ వచ్చేదే దేవుని కృప!