ఎక్కీ ఎక్కగానే... దిగాలి!

విమానం ఎక్కి, బెల్టు పెట్టుకుని, కిటికీలోంచి సముద్రాన్ని ఓసారి చూసేలోపే 'ఇక దిగండి' అంటే ఎలా ఉంటుంది? స్కాట్లాండ్‌కి ఉత్తరాన ఉన్న ఆర్క్‌నీ దీవుల్లో వెస్ట్రే నుంచి పాపా వెస్ట్రేకి వెళ్లేవాళ్ల అనుభవం అదే. ఈ రెండు విమానాశ్రయాల మధ్య దూరం 2.7 కిలోమీటర్లు. రాజమండ్రి దగ్గర గోదావరి మీదున్న ఆర్చ్ రైలు వంతెన పొడవూ దాదాపు అంతే!

టైంటేబుల్‌లో ఈ ప్రయాణానికి రాసి ఉండేది రెండు నిమిషాలు. ప్రపంచంలో టైంటేబుల్ ప్రకారం నడిచే విమాన సర్వీసుల్లో అతి చిన్నదిగా రికార్డులకెక్కింది. గాలి కలిసొస్తే ఆ రెండు నిమిషాలూ పట్టదు. స్టువర్ట్ లింక్‌లేటర్ అనే పైలట్ 53 సెకన్లలోనే చేర్చేశాడు. ఆయన ఈ దారిలో పన్నెండు వేలసార్లకు పైగా విమానం నడిపి, 2013లో రిటైరయ్యాడు.

దూరం మారదు కదా, సమయం ఎందుకు మారుతుందీ అంటే... అంతా గాలి మహిమ. విమానం గాలికి ఎదురుగా లేస్తుంది, ఎదురుగానే దిగుతుంది. గాలి దిశ అనుకూలంగా ఉంటే లేచిన దారినే నేరుగా వెళ్లి వాలిపోవచ్చు. లేదంటే గాల్లో ఓ చుట్టు తిరగాలి. పెద్ద దూరాల్లో ఆ చుట్టు ఎవరికీ గుర్తుండదు. ఇక్కడ మాత్రం ప్రయాణ సమయమే రెట్టింపైపోతుంది!

ఈ సర్వీసును లోగన్‌ఎయిర్ సంస్థ 1967లో మొదలుపెట్టింది. నడిచేది ఐలాండర్ అనే బుల్లి విమానం. రెండు ఇంజిన్లు, ఎనిమిది మంది ప్రయాణికులు. ఎయిర్‌హోస్టెస్ ఉండదు. ఉన్నా, చాక్లెట్ ఇచ్చే వ్యవధి ఏదీ? విమానం నిండితే ఒకరు పైలట్ పక్క సీట్లోనే దర్జాగా కూర్చోవచ్చు. సరదా కోసం వచ్చే పర్యటకులు గుర్తుగా సర్టిఫికెట్ పుచ్చుకుని మురిసిపోతారు.

దీవివాళ్లకి మాత్రం ఇది సరదా కాదు. పాపా వెస్ట్రే జనాభా వందలోపే. డాక్టరు రావాలన్నా, పిల్లలకు పాఠం చెప్పే టీచరు రావాలన్నా, రోగిని ఆర్క్‌నీ ముఖ్యపట్టణం కిర్క్‌వాల్‌లోని ఆసుపత్రికి తీసుకెళ్లాలన్నా ఆధారం ఈ విమానాలే. వెస్ట్రేకి పడవలోనూ వెళ్లొచ్చు, దాదాపు 25 నిమిషాలు. కానీ చలికాలంలో ఉత్తర సముద్రపు అలల మీద ఆ 25 నిమిషాలు ఎలా గడుస్తాయో అక్కడివాళ్లకే తెలుసు. అందుకే, లాభం సంగతి పక్కనపెట్టి, ప్రభుత్వ సొమ్ము ఆసరాతో ఈ సర్వీసును నిలబెడుతున్నారు.

ఇంతా చేసి ఆ దీవిలో చూడ్డానికేముందీ అనుకోవద్దు. 'నాప్ ఆఫ్ హావర్' అనే రాతి ఇల్లు ఉంది. దాని వయసు ఐదువేల ఏళ్లకు పైమాటే. ఉత్తర ఐరోపాలో ఇంకా నిలిచి ఉన్న అతి పురాతనమైన ఇళ్లలో అదొకటి. దాన్ని తీరిగ్గా చూసి రావాలంటే ఓ పూట పడుతుంది. తిరుగు ప్రయాణానికి మళ్లీ రెండు నిమిషాలు.