నామినీ యనగా నెవరు?



ఇంగ్లీషు పదములు మన యిండ్లలోనికి అడుగకయే ప్రవేశించినవి. కాఫీ, బస్సు, టిక్కెట్టు మున్నగువాని పుట్టుక మన మెరుగకున్నను నష్టము లేదు. కాని కొన్ని పదములకు అర్థము తెలియక తలయూపినచో సంసారమే తలక్రిందులగును. అట్టివానిలో "నామినీ" యొకటి.

మా పొరుగున నొక సోదరి కలదు. భర్త కాలధర్మము నొందిన మూడవ మాసమున ఆమె బ్యాంకు డిపాజిట్టు కాగితమును చేతబట్టుకొని మా యింటికి వచ్చినది. అందు నామినీ యను గడిలో ఆమె పేరు లేదు. భర్తయొక్క అన్నగారి పేరున్నది. వివాహమునకు పూర్వము వ్రాయించిన పేరును పిమ్మట నెవరును మార్పింపలేదు. "అక్కయ్యా! ఈ సొమ్మంతయు మా బావగారిదేనట. నాకును పిల్లలకును ఏమియు రాదట" అని కన్నీరు పెట్టుకొన్నది. ఆమెకు ఆ మాట చెప్పినవారికి ఇంగ్లీషు వచ్చును. ఈ యొక్క పదము మాత్రము రాదు.

ఈ పదమునకు మూలము లాటిను భాషలోని "నోమెన్". దాని యర్థము పేరు. మన సంస్కృత నామశబ్దమును, ఇంగ్లీషువారి "నేమ్"ను, ఈ "నోమెన్"ను ఒక్క తల్లి బిడ్డలని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. కావున నిది మనకు దూరపు చుట్టమే. నామినేట్ చేయుట యనగా పేరు చెప్పి యేర్పరచుట. రాజ్యసభకు 12 మందిని రాష్ట్రపతి నామినేట్ చేయును. ఎన్నికలలో అభ్యర్థి దాఖలు చేయునది నామినేషన్ పత్రము.

ఇక చివరనున్న "ఈ" యను ప్రత్యయము. ఇది ఫ్రెంచినుండి ఇంగ్లీషు న్యాయభాషలోనికి వచ్చినది. సాధారణముగా నిది పని చేసినవారిని గాక, ఆ పని యెవరియెడ జరిగినదో వారిని తెలుపును. కొలువిచ్చువాడు ఎంప్లాయరు, కొలువున నియమింపబడినవాడు ఎంప్లాయీ. చెక్కుమీది సొమ్ము ఎవరి కీయవలయునో వారు పేయీ. అట్లే పేరు చెప్పబడినవారు నామినీ. ఉచ్చరించునపుడు బరువు ఆ చివరి "ఈ" మీదనే పడవలయును. ఇంతవరకు ఎచ్చటను "సొంతదారు" అను నర్థము మనకు కానరాలేదు గదా!

న్యాయస్థానమును అట్లే చెప్పినది. ఖాతాదారు మరణించినపుడు బ్యాంకు సొమ్మును నామినీ చేతికిచ్చి తన బాధ్యత తీర్చుకొనును. నామినీ దానిని వారసుల కొరకు పుచ్చుకొనును గాని తనకొరకు గాదు. 1983లో బీమా సొమ్ము విషయమునను, 2010లో బ్యాంకు డిపాజిట్ల విషయమునను, 2023లో కంపెనీ వాటాల విషయమునను సుప్రీంకోర్టు తీర్పుల సారమిదియే. అయితే 2015లో బీమా చట్టమును సవరించి, తల్లిదండ్రులు, భార్య లేక భర్త, సంతానము నామినీలైనచో ఆ సొమ్ముపై వారికి లబ్ధిహక్కును కల్పించిరి. కావున బీమా సంగతిని వేరుగా విచారించుకొనవలయును.

మరి వారసులెవరు? 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ననుసరించి, వీలునామా వ్రాయక మరణించిన పురుషుని సొమ్ములో భార్యకును, కుమారులకును, కుమార్తెలకును, తల్లికిని సమానభాగములు గలవు. వీరుండగా అన్నదమ్ములకు రాదు. మా పొరుగు సోదరి విషయమున ఆమె, ఇద్దరు పిల్లలు, అత్తగారు కలిసి నలుగురు. ఈ సంగతి విన్న బావగారు, "నా పేరున్నది గనుక నాదే యనుకొంటినమ్మా" అని సిగ్గుపడి, బ్యాంకునుండి తెచ్చిన పైకమును నాలుగు భాగములు చేసి యిచ్చెను. ఆయన దురాశాపరుడు గాడు. ఆయనకును అర్థము తెలియదు. అందరు బావగార్లును అట్టివారే యగుదురని నమ్మి యూరకుండుట మాత్రము వివేకము గాదు.

ఈ పదమును ప్రయోగించు తీరు జ్ఞాపకముంచుకొనుడు. "నేను మా వారి ఖాతాకు నామినీని" యనుట సరియైనది. "నామినీని గనుక సొమ్మంతయు నాదే" యనుట సరికాదు. "నామినీని గాను గనుక నాకేమియు లేదు" అనుట అంతకంటె పొరపాటు.

నేటి సాయంకాలమే పాసుపుస్తకములను, డిపాజిట్టు రసీదులను, బీమా పత్రములను ముందుంచుకొని ఆ గడిని చూడుడు. వివాహమైనను, బిడ్డ పుట్టినను, నామినీ మరణించినను పేరు మార్పించుకొనవలయును. 2025 నవంబరు 1వ తేదీనుండి బ్యాంకు డిపాజిట్టునకు నలుగురివరకు నామినీలను వ్రాయించుకొనుటకు వీలు కలిగినది. నామినీ మైనరైనచో, సొమ్ము పుచ్చుకొనుటకు పెద్దవారి నొకరిని పేర్కొనవలయును.

భర్తతో ఈ మాట లెత్తుట అమంగళమని కొందరు శంకింతురు. దీపమున్నపుడే యిల్లు చక్కబెట్టుకొనుట అమంగళమెట్లగును?