గజాలూ ఫేసింగూ చెబితే ఇల్లు వచ్చేస్తుందా?

'ఈస్ట్ ఫేసింగ్, 200 గజాలు, త్రీ బెడ్‌రూమ్, పక్కా వాస్తు, ఉచితం.' ఈ పీడీఎఫ్ మీ వాట్సాప్‌కీ వచ్చే ఉంటుంది. దాన్ని ప్రింటు తీసి మేస్త్రీ చేతిలో పెట్టి ముగ్గు పోయించేవాళ్లు ఎందరో. గృహప్రవేశమైన ఏడాదికే గోడలు పగలగొట్టించేదీ వాళ్లే. స్థలం కొలతలూ దిక్కూ ఉంటే చాలు, ఆర్కిటెక్ట్ ముందు గంటల తరబడి కూర్చోవడం దండగ అన్న ప్రచారానికి కడుతున్న జరిమానా అది.

30 అడుగుల వెడల్పు, 60 పొడవు స్థలాలు రెండు పక్కపక్కనే ఉన్నాయనుకోండి. ఒకరింట్లో మోకాళ్లు అరిగిన అత్తగారు, ఇంటర్ చదివే పిల్లలు. రెండో ఇంట్లో దంపతులిద్దరే. కొడుకు అమెరికాలో, పై అంతస్తు అద్దెకిచ్చే ఆలోచన. మొదటివాళ్లకు కిందే పడకగది, దానికి ఆనుకుని బాత్రూమ్ కావాలి. రెండోవాళ్లకు బయటి నుంచే మెట్లు, విడి కరెంటు మీటరు కావాలి. ఆ పీడీఎఫ్‌కి మాత్రం ఇద్దరూ ఒకటే.

మన బాత్రూమ్ తలుపులు సాధారణంగా రెండున్నర అడుగులు. రేపు అత్తగారికి చక్రాల కుర్చీ అవసరమైతే, అది సులువుగా దూరాలంటే మూడడుగుల ఖాళీ, లోపల తిరగాలంటే ఐదడుగుల మేర కావాలి. ముందే చెబితే కాగితం మీద గీత జరుగుతుంది, అంతే. పై అంతస్తులో బాత్రూమ్ వచ్చే చోట స్లాబును కిందికి దించి పోస్తారు. తర్వాత బాత్రూమ్‌ను పక్కకు జరపాలంటే పైపులు కిందివాళ్ల హాల్లో తలల మీద వేలాడాలి. రెండో అంతస్తు సంగతి 'తర్వాత చూద్దాం' అంటారు. పునాదులు, పిల్లర్లు ఎంత బరువు మోయాలో లెక్క కట్టేది ఇప్పుడే కదా, తర్వాత ఏం చూస్తారు?

ఆర్కిటెక్ట్‌కి అన్నీ తెలుసంటారా? మీ ఇంట్లో ఆవకాయ జాడీలు ఎన్నో ఆయనకు తెలియదు. బడ్జెట్ చెబితే అంతా ఊడ్చేస్తారంటారా? దాచండి, స్తోమతకు మించిన బొమ్మ గీయించుకుని మళ్లీ మొదలెట్టండి. యజమాని ఒక్కడు మాట్లాడితే చాలంటారా? వంటింట్లో అడుగుపెట్టని పెద్దమనిషి వంట గట్టు ఎత్తు తేల్చడం చూడముచ్చటగా ఉంటుంది.

వాస్తు చూపిస్తే ప్లాన్ అయిపోయినట్టే అనేవాళ్లకు మాత్రం ఒక్క మాట ఒప్పుకోక తప్పదు. సిద్ధాంతిగారు కనీసం ఇల్లు ఎవరిదో, ఎవరి పేరున కడుతున్నారో అడుగుతారు. పీడీఎఫ్ ఫార్వర్డ్ చేసినాయన అదీ అడగలేదు. మీకు పట్టింపు ఉంటే ఆ సంగతి మొదటి రోజే చెప్పండి. గీతలన్నీ అయ్యాక పూజగది ఈశాన్యానికి జరపమంటే మెట్లు, కిటికీలు, పైపులు అన్నీ దాని వెంట కదలాలి.

ఆర్కిటెక్ట్ దగ్గరికి 'ఎన్ని గదులు కావాలి' అన్న లెక్కతో వెళ్లకండి. పొద్దున లేచింది మొదలు ఎవరెక్కడ ఏం చేస్తారో రాసుకుని వెళ్లండి. చెప్పులెక్కడ విడుస్తారు, సిలిండరు ఎక్కడుంటుంది, వాషింగ్ మెషీన్ నీళ్లెటు పోవాలి, పండక్కి ఎంతమంది దిగుతారు. పాత బీరువా, మంచం, కారు కొలిచి అంకెలు పట్టుకెళ్లండి. తప్పనిసరివి ఒక పక్క, డబ్బు మిగిలితే చేయించుకునేవి ఒక పక్క రాయండి. ఇంట్లో వంట చేసే మనిషిని వెంట తీసుకెళ్లండి. మాట్లాడుకున్నదంతా కాగితం మీద పెట్టి, తేదీ వేసి ఇద్దరూ సంతకాలు చేయండి. మధ్యలో ఏ మార్పు అడిగినా దానికయ్యే ఖర్చు ఆ కాగితం కిందే రాయించుకున్నాకే పని మొదలెట్టనివ్వండి.