పది ఇళ్ళకు ఒక గాదె



మామిడి కోతల రోజుల్లో మన విస్సన్నపేట, రెడ్డిగూడెం, చాట్రాయి పల్లెల్లో చేతినిండా పని ఉంటుంది. కాయ అయిపోగానే కూలి తగ్గుతుంది. ఆషాఢం, శ్రావణం వచ్చేసరికి కొట్లో ఖాతా పెరుగుతుంది. రేషన్ బియ్యం ఉంటాయి గనుక అన్నానికి లోటుండదు. కాని అందులోకి పప్పు తగ్గుతుంది, కూర తగ్గుతుంది, చివరికి చారు మెతుకులే మిగులుతాయి.

కళ్ళు తిరుగుతున్నాయని, నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తోందని తల్లులు మా దగ్గరకు వస్తారు. పరీక్ష చేస్తే రక్తం తక్కువ. ఐరన్ బిళ్ళలు ఇచ్చి, "పప్పు, రాగులు, ఆకుకూరలు తినమ్మా" అని చెబుతాము. "ఎక్కడి నుంచి తెచ్చుకోమంటారండీ?" అని అడిగితే, మందుచీటీ మీద రాయగల జవాబు మా దగ్గర లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత ఉంది. కాబట్టి ఇది ఏ ఒక్క ఇంటి సమస్యో కాదు.

ఈ ప్రశ్నకు జవాబు మనకన్నా ఎండిన నేలల్లోని ఆడవాళ్ళు వెదుక్కున్నారు. వాళ్ళు ఏం చేశారో చూద్దాం.

జహీరాబాదు ఆడవాళ్ళ జొన్న గాదె

తెలంగాణలోని జహీరాబాదు ప్రాంతం అప్పట్లో మెదక్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు సంగారెడ్డి జిల్లాలో ఉంది. అక్కడివి వానను నమ్ముకున్న మెట్ట భూములు. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చాక పేదల ఆకలికి పెద్ద ఊరట కలిగింది. కాని జొన్న తినేవారు తగ్గారు, జొన్న పండించే చెలకలు బీడు పడ్డాయి. అదే సంవత్సరం అక్కడ దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. దాని సంఘాలలో ఎక్కువ మంది దళిత స్త్రీలు.

1990లలో ఈ సంఘాలు సొంతంగా ఒక పంపిణీ పద్ధతి పెట్టుకున్నాయి. సుమారు 30 ఊళ్ళలో, సుమారు 2,500 ఎకరాల బీడును సాగులోకి తెచ్చాయి. దున్నడానికి, ఎరువుకు, విత్తనానికి రైతుకు అప్పు ఇచ్చేవారు. రైతు ఆ అప్పును డబ్బుగా కాక, కొన్నేళ్ళపాటు జొన్నలుగా తీర్చేవాడు. ఆ జొన్నలు ఊళ్ళోనే నిల్వ చేసి, కరువు నెలల్లో పేద ఇళ్ళకు తక్కువ ధరకు ఇచ్చేవారు. ఎవరు ఎక్కువ పేదవారో ఊరి వాళ్ళే అందరి ముందు కూర్చుని తేల్చేవారు. ఈ సొసైటీ మహిళా సంఘాలకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది.

రాయలసీమలో కూడా ఇలాంటి ప్రయత్నం జరిగింది. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే వాన పడుతుంది. అక్కడ చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో టింబక్టు కలెక్టివ్ మొదలైంది. ముందు ఆడవాళ్ళ పొదుపు సంఘాలు ఏర్పడ్డాయి. తర్వాత 2008లో ధరణి అనే రైతుల సహకార సంఘం వచ్చింది. అది సభ్యుల చిరుధాన్యాలు, వేరుశనగ కొని, శుభ్రం చేసి అమ్ముతుంది.

ఎకరం భూమి లేకపోయినా మన తోట కూలీలు ఇందులో నేర్చుకోవలసింది ఒకటి ఉంది: పని ఉన్న నెలల్లోనే పని లేని నెలల తిండిని కలిసి దాచుకోవడం.

మనం ఎలా మొదలుపెట్టాలి?

1. పదిమంది చేరండి. ఒక్కో ఇంటి నుండి ఒక్కరు చాలు. రోజూ ఒకరి మొహం ఒకరు చూసుకునే వీధివారైతే మంచిది.

2. లెక్క వేయండి. ఇంటికి నెలకు 3 కిలోల కందిపప్పు చొప్పున పది ఇళ్ళకు నాలుగు నెలలకు 120 కిలోలు కావాలి. రాగులు, జొన్నలు కూడా ఇలాగే లెక్క కట్టండి. బియ్యం రేషన్‌లో వస్తాయి, వాటిని కొనవద్దు.

3. కోతల కాలంలో వారం వారం కొంత సొమ్ము జమ చేయండి. వానలు పడకముందే సరుకు టోకున కొనండి. అప్పుడైతే ఎండబెట్టే వీలు ఉంటుంది.

4. అప్పుగా తీసుకున్న సరుకుకు కొన్న ధరే కట్టించుకోండి. మళ్ళీ కూలి దొరికినప్పుడు తీర్చనివ్వండి. వడ్డీ మీద వడ్డీ వేస్తే కొట్టు ఖాతాను మనమే తెచ్చుకున్నట్టు.

5. లెక్కల పుస్తకం ఒకరి దగ్గర, తాళంచెవి ఇంకొకరి దగ్గర ఉండాలి. నెలకొకసారి పుస్తకం అందరికీ చదివి వినిపించాలి. ఇలాంటి సంఘాలు చెదిరేది ఎక్కువగా అనుమానాల వల్లే.

6. సంఘం నిలదొక్కుకున్నాక 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద రిజిస్టరు చేసుకోవచ్చు. దానికి వేర్వేరు కుటుంబాలకు చెందిన కనీసం పదిమంది సభ్యులు కావాలి.

నిల్వలో జాగ్రత్త

గింజను పంటితో కొరికితే టక్కున విరగాలి. మెత్తగా నలిగితే ఇంకా ఆరలేదన్నమాట. బస్తాలను గోడకు ఆనించకుండా చెక్కల మీద పెట్టండి. బూజు పట్టిన గింజను కడిగి వండవద్దు, పారేయండి. ఆ విషం వండినా పోదు. సజ్జపిండి త్వరగా చేదెక్కుతుంది కనుక వారానికి సరిపడా మాత్రమే మర పట్టించండి.

ఒక హెచ్చరిక. ధాన్యంలో వేసే పురుగుమందు బిళ్ళలు (అల్యూమినియం ఫాస్ఫైడ్) ఇంట్లో పెట్టకండి. తేమ తగిలితే వాటి నుండి విషవాయువు వస్తుంది. దానికి విరుగుడు మందు లేదు. నిద్రపోయే గదిలో ఆ బిళ్ళలున్న బస్తా ఉంటే ఇల్లంతా ప్రమాదంలో ఉన్నట్టే.

తినేటప్పుడు

100 గ్రాముల రాగుల్లో సుమారు 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. తెల్ల బియ్యంలో పది మిల్లీగ్రాములు కూడా ఉండదు. ఇనుము సజ్జల్లో 6 మిల్లీగ్రాముల పైన, తెల్ల బియ్యంలో ఒకటికన్నా తక్కువ. పప్పులోని, గింజల్లోని ఇనుము ఒంటికి పట్టాలంటే పక్కన పులుపు ఉండాలి. మన తోటల్లో రాలిన పచ్చికాయతో మామిడికాయ పప్పు చేసుకోండి. నిమ్మకాయ అయినా సరే. భోజనం చేసిన వెంటనే టీ తాగవద్దు, గంటైనా ఆగండి.

గాదె నిండింది కదా అని బిళ్ళలు మానకండి. రక్తం బాగా తగ్గినవారికి తిండి ఒక్కటే చాలదు. డాక్టరు చెప్పినన్నాళ్ళు వాడి, మళ్ళీ పరీక్ష చేయించుకోండి.

ఈసారి ఆసుపత్రికి వచ్చినప్పుడు మీ వీధిలో ఎవరెవరు చేరతారో పేర్లు రాసుకుని రండి. లెక్క వేయడానికి మేము కూడా మీ పక్కన కూర్చుంటాము.