పేకాటకు సై... ఓటుపై పందేనికి నై!

మీకు తెలుసా? లాస్ వేగాస్ ఉన్న నెవాడా రాష్ట్రం 1931లోనే జూదానికి తలుపులు బార్లా తెరిచింది. కానీ అక్కడి ఏ క్యాసినోలోనూ ఎన్నికలపై పందెం కాయకూడదు. అధ్యక్ష పదవికైనా అంతే, ఊరి మేయర్ పదవికైనా అంతే!

మీకు తెలుసా? నెవాడాలో పవర్‌బాల్ లాటరీ టికెట్ కూడా దొరకదు. 1864 నాటి రాష్ట్ర రాజ్యాంగమే లాటరీలు వద్దంది. జాక్‌పాట్ పెరిగితే చాలు, వేగాస్ జనం కార్లేసుకుని కాలిఫోర్నియా సరిహద్దు దాటుతారు. అక్కడి లాటరీ కొట్టు ముందు బారులే బారులు!

మీకు తెలుసా? 1980లో 'డల్లాస్' టీవీ సీరియల్ విలన్‌ను కాల్చిందెవరో చెప్పమంటూ వేగాస్‌లో పందేలు మొదలయ్యాయి. అధికారులు ఆపించి, డబ్బు వాపసు ఇప్పించారు. మరి కథ రాసినాయనే వచ్చి పందెం కాస్తే?

ప్రిడిక్షన్ మార్కెట్ బేరం ఎంత తేలికో మీకు తెలుసా? ఫలానాది జరుగుతుందా? 'ఔను' అనే కాంట్రాక్టు 62 సెంట్లకు కొన్నారనుకోండి. జరిగితే చేతికి డాలరు, జరగకపోతే గుండుసున్నా. అంటే అవకాశం 62 శాతమని మార్కెట్ లెక్క. ధర చూస్తే చాలు, జోస్యం తెలిసిపోయినట్టే!

మీకు తెలుసా? అలాంటి మార్కెట్ నడిపే కల్షీ సంస్థకు, ఫ్యూచర్స్ మార్కెట్లను పర్యవేక్షించే అమెరికా కేంద్ర ప్రభుత్వ సంస్థ సీఎఫ్‌టీసీ 2020లో అనుమతి ఇచ్చింది. 2025 మార్చిలో నెవాడా మాత్రం 'ఇది పందెమే, ఆపండి' అంది. కల్షీ కోర్టుకెళ్లింది; ఏప్రిల్‌లో జడ్జి కల్షీని ఆపొద్దన్నారు. నవంబరులో అదే జడ్జి ఆ ఉత్తర్వును రద్దు చేశారు. ఎనిమిది నెలల్లో ఎంత మలుపో!

వయసు సంగతి మీకు తెలుసా? నెవాడాలో ఆటలపై పందేనికి 21 నిండాలి. కల్షీలో ఖాతాకు 18 చాలు. ఆ మూడేళ్ల తేడా కూడా తగాదాలో భాగమే!

మీకు తెలుసా? అయోవా విశ్వవిద్యాలయం 1988 నుంచే ఎన్నికల మార్కెట్ నడిపింది, అదీ అసలు డబ్బుతో! ఒక్కొక్కరి పెట్టుబడికి పరిమితి 500 డాలర్లు. పాఠం చెప్పింది మార్కెట్, ఫీజు కట్టింది ఓడినవాళ్లు!

మీకు తెలుసా? 2024 అమెరికా అధ్యక్ష ఎన్నికపై పాలీమార్కెట్ అనే మరో ప్రిడిక్షన్ మార్కెట్‌లో 300 కోట్ల డాలర్లకు పైగా చేతులు మారాయి. అప్పట్లో అందులో అమెరికన్లకు ప్రవేశమే లేదు! ఫ్రాన్స్‌కు చెందిన ఒకాయన 'మీ పొరుగువాళ్లు ఎవరికి ఓటేస్తారు?' అని సర్వే చేయించి మరీ పెట్టుబడి పెట్టాడు. లాభం దాదాపు 8.5 కోట్ల డాలర్లు. పక్కింటివాళ్ల సంగతి ఇంత పలుకుతుందా!

చివరిది... కుర్చీ గట్టిగా పట్టుకోండి. అమెరికాలో రేపటి సరుకుకు ఇవాళే ధర కుదుర్చుకునే ఫ్యూచర్స్ మార్కెట్‌లో చట్టం పేరుపెట్టి నిషేధించిన సరుకు ఏదో తెలుసా? ఉల్లిగడ్డ! 1955-56లో షికాగోలో ఇద్దరు వ్యాపారులు ఉల్లి ధరను ఎంతలా పడగొట్టారంటే, లోపలి ఉల్లి కంటే బయటి సంచే ఖరీదైంది. 1958లో నిషేధం వచ్చింది. బిల్లు పెట్టిన జెరాల్డ్ ఫోర్డ్ తర్వాత దేశాధ్యక్షుడయ్యారు. 2010లో ఆ జాబితాలోకి మరొకటి చేరింది: సినిమా కలెక్షన్లు! ఉల్లి, సినిమా... కన్నీళ్లు పెట్టించే రెండింటికీ ఒకే తాళం!