గడ్డ మిగిలింది, జబ్బు మిగిలిందా?

డిస్కులో ఫైలు ఉన్నంత మాత్రాన ప్రోగ్రాం నడుస్తున్నట్టు కాదు కదా! హాడ్జ్‌కిన్ లింఫోమా చికిత్స తర్వాత మిగిలిన గడ్డ కూడా అంతే. అది బతికున్న కాన్సరో, ఒట్టి మచ్చో సీటీ స్కాన్ ఒక్కటే చెప్పలేదు.

అది చెప్పేది పెట్ స్కాన్. గ్లూకోజు లాంటి ఎఫ్‌డీజీని నరంలోకి ఎక్కిస్తే, చురుకైన కాన్సర్ కణాలు దాన్ని ఎక్కువగా పీల్చుకుని స్కాన్‌లో వెలుగుతాయి. అందులోని రేడియోధార్మికత 110 నిమిషాల్లో సగమైపోతుంది. అందుకే 1976లో బ్రూక్‌హేవెన్‌లో తయారుచేసి, విమానంలో ఫిలడెల్ఫియాకు తెచ్చి మొదటిసారి మనుషులకి ఇచ్చారు.

ఆ వెలుగుకి 2009లో ఫ్రాన్స్‌లోని డోవిల్‌లో నిపుణులు 1 నుంచి 5 వరకు కొలత పెట్టారు. కాలేయాన్ని మించకపోతే, అంటే 3 లోపైతే, సాధారణంగా శుభవార్తే. 4, 5 అయితే అనుమానం. ఇన్ఫెక్షన్ కూడా వెలుగుతుంది కనుక బయాప్సీ అవసరం కావచ్చు.

రిపోర్టులో సెంటీమీటర్లు చూసి బెంగపడకండి. డోవిల్ అంకె ఎంతో డాక్టర్ని అడగండి.