పొలమంతటికి సమముగా పోషకము: ఎరువు ఎంపికలో తెలిసికొనవలసినవి

హైదరాబాదు నుండి ఓరుగల్లు పోవు రహదారిపై కాజీపేట చేరకముందే మడికొండ కనిపించును. పేరులోనే మడియు కొండయు కలవు. ఆ ఊరు నేడు వరంగల్ మహానగర పాలక సంస్థలో చేరినది. అయినను చుట్టుపట్ల పల్లెలకు వ్యవసాయమే ఆధారము. మెరకన ఎర్రచెలక, పల్లమున నల్లరేగడి, చెరువుల క్రింద వరిమడులు ఈ ప్రాంతపు నేల తీరు. నాటు వేసిన నెల దినములకు గట్టుపై నిలిచి చూచినచో, ఒకే మడిలో కొంత పైరు ముదురుపచ్చగను, కొంత పసుపు వన్నెగను అగుపించుట కలదు. విత్తనము ఒకటే, నీరు ఒకటే. తేడా తరచు ఎరువు పడిన తీరులో నుండును.

నత్రజని అధికముగా పడినచోట పైరు ఏపుగా పెరిగి పడిపోవును. సుడిదోమకును, మెడవిరుపు తెగులునకును లోనగును. తక్కువ పడినచోట పిలకలు రావు. బస్తాల ధర మాత్రము రెంటికిని ఒకటే. కావున ఎంత ఎరువు వేసితిమి అనుటతో పాటు, ఏ ఎరువును ఎట్లు చల్లితిమి అనునది కూడ విచారింపవలెను.

గింజలో గల భేదము

1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు గింజల పరిమాణమును కూడ నిర్ణయించినది. దాని ప్రకారము డీఏపీ గుళికలలో అధిక భాగము 1 నుండి 4 మిల్లీమీటర్ల నడుమను, యూరియా 1 నుండి 2.8 మిల్లీమీటర్ల నడుమను, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 0.25 నుండి 1.7 మిల్లీమీటర్ల నడుమను ఉండవలెను. ఈ మూడింటిని రాశిగా పోసి కలిపి చల్లుట అనేకులకు అలవాటు. చూపునకు బాగుగా కలిసినట్లే తోచును. కాని గంప కదలినకొలది సన్నని పొటాష్ అడుగునకు దిగును. విసరినప్పుడు సన్నగింజ దగ్గరను, పెద్దగుళిక దూరమునను పడును. ఒక మొక్కకు భాస్వరము, ఇంకొక మొక్కకు పొటాష్ దక్కును.

సంకీర్ణ ఎరువులలో ఈ చిక్కు లేదు. 14-35-14 వంటి ఎరువులో ప్రతి గుళికయందును మూడు పోషకములు ఇమిడియుండును. గుళిక ఎక్కడ పడినను మూడును కలిసియే పడును. నాట్ల సమయమునకు ఇట్టి ఎరువు అనుకూలము. విడి ఎరువులే కొనువారు ఒక్కొక్కదానిని వేరువేరుగా చల్లుట మేలు. జింకు సల్ఫేటును డీఏపీతో ఎన్నడును కలుపరాదు. జింకు భాస్వరముతో కూడి పైరునకు అందకుండ పోవును. యూరియాను సూపర్ ఫాస్ఫేటుతో కలిపి నిలువ ఉంచినచో చెమ్మగిల్లి ముద్దకట్టును.

ఒక లెక్క

భూసార పరీక్షననుసరించి ఒక వరిపొలమునకు ఎకరమునకు 48 కిలోల నత్రజని, 24 కిలోల భాస్వరము, 16 కిలోల పొటాష్ అవసరమని తేలినదనుకొందము. 14-35-14 ఎరువు 69 కిలోలు వేసినచో భాస్వరమంతయు, నత్రజని, పొటాష్‌లు ఒక్కొక్కటి సుమారు పదేసి కిలోలు లభించును. మిగిలిన నత్రజనికి 84 కిలోల యూరియా, మిగిలిన పొటాష్‌నకు 11 కిలోల మ్యూరేట్ చాలును. భాస్వరము నేలలో కదలదు గనుక సంకీర్ణ ఎరువునంతయు ఆఖరి దమ్ములోనే వేయవలెను. యూరియాను దమ్ములో 14 కిలోలు, పిలక దశలో 35, అంకుర దశలో 35 కిలోలుగా పంచవలెను. మ్యూరేటును అంకుర దశలో వేరుగా చల్లవలెను.

చల్లు విధానము

ఎకరమునకు 40 గుంటలు. దానిని పది గుంటల చొప్పున నాలుగు భాగములు చేసి, 69 కిలోల ఎరువును భాగమునకు 17 కిలోలకు పైచిలుకుగా తూచుకొనవలెను. అందులో సగము పొలము నిడివిగాను, మిగిలిన సగము అడ్డముగాను నడచుచు చల్లినచో ఒక మారు తప్పిన చోటు రెండవమారు నిండును. గాలి వీచువేళ చల్లరాదు. పైపాటుగా యూరియా వేయునపుడు మడిలోని నీరు తీసి, చల్లిన ఒకటి రెండు దినముల పిదప తిరిగి నీరు పెట్టవలెను. చెలకలలో పత్తి, మొక్కజొన్నలకు వెదజల్లుటకన్న మొక్క ప్రక్కన వేసి మట్టి కప్పుట శ్రేయస్కరము.

పంచాయతీ చేయదగినది

రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు ఉద్దేశించిన అంశములలో మొదటిది వ్యవసాయము, వ్యవసాయ విస్తరణ. కావున ఈ విషయమున సభ్యులు చొరవ చూపుట ఉచితము.

వేసవిలో, ఎరువు వేయకముందే, మట్టి నమూనాలు తీయింపవలెను. చెలకకు వేరుగాను, రేగడికి వేరుగాను తీయవలెను. ఒక్కొక్క పొలమున ఎనిమిది పదిచోట్ల 15 సెంటీమీటర్ల లోతు వరకు తీసి, కలిపి, అర కిలో పంపిన చాలును.

పిదప వ్యవసాయ విస్తరణాధికారిని పిలిచి, రైతుల ఎదుట నేలపై పెద్ద టార్పాలిన్ పరచి, కలిపిన ఎరువును ఒక మనిషిచే చల్లింపుడు. ఏ గింజ ఎక్కడ పడినదో రైతులే కన్నులార చూతురు. పది ఉపన్యాసములకన్న ఆ ఒక్క ప్రదర్శనము మేలు చేయును. ఒక తూకపు కాటాను పంచాయతీ కార్యాలయమున ఉంచినచో చిన్న రైతులకు మిక్కిలి ఉపకారము.

పొటాష్‌నకు మన దేశము విదేశముల మీద ఆధారపడియున్నది. బస్తా ధరలో కొంత ప్రభుత్వము, కొంత రైతు భరించుచున్నారు. అట్టి ఎరువు ఒకచోట కుప్పపడి, ఒకచోట లేకపోవుట ఊరి సొమ్ము వృథాయగుట కాదా? మడిలోని ప్రతి మొక్కకు దాని భాగము దక్కునట్లు చూచుట మన చేతిలోని పని.